పాపికొండల పడవల్లో సైకిల్‌కు చోటివ్వండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. 2027 గోదావరి పుష్కరాల కోసం రాజమహేంద్రవరంలో ఘాట్లు, పాత హేవలాక్ వంతెన, రోడ్ల మీద జరగబోయే పనుల గురించి మీ పత్రికలో తరచూ చదువుతున్నాను. 2024 చివర్లో తెచ్చిన కొత్త విధానంలో రాష్ట్ర ప్రభుత్వం పర్యాటకానికి పరిశ్రమ హోదా కూడా ఇచ్చింది. సంతోషమే. అయితే పాపికొండల పర్యాటకం అనగానే మన ఆలోచన పడవ షికారు, కారులో మారేడుమిల్లి, అక్కడ బొంగులో చికెన్ దగ్గరే ఆగిపోతోంది. ఆ కొండల చుట్టూ సైకిల్ మీద తిరిగి రావడానికి ఒక దారిని అధికారికంగా గుర్తించాలనీ, ఆ దారిలో నది మీద సాగే భాగానికి పడవల్లో సైకిళ్లను ఎక్కనివ్వాలనీ ఈ లేఖ ద్వారా కోరుతున్నాను.

రాజమహేంద్రవరంలో ఉద్యోగం చేసుకుంటూ, చలికాలం సెలవుల్లో బట్టలూ సామానూ సైకిల్‌కే కట్టుకుని ఏజెన్సీలో తిరిగేవాళ్లలో నేనొకణ్ని. అందుకే ఆ దారి ఎలా ఉంటుందో కాస్త వివరంగా చెబుతాను.

ఊరు దాటి గోకవరం వరకూ మైదానమే. ఆ తర్వాత జీడిమామిడి తోటలు పలచబడి అడవి మొదలవుతుంది. భూపతిపాలెం రిజర్వాయర్, రంపచోడవరం దాటి మారేడుమిల్లి చేరేసరికి దాదాపు ఎనభై ఐదు కిలోమీటర్లు. సామానుతో తొక్కేవాళ్లకు ఒక రోజుకి అది చాలు. రెండో రోజు అసలు ఘాట్‌రోడ్డు. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు మలుపు మీద మలుపు వస్తుంది. ఎక్కేటప్పుడు చిన్న గేరులో ఊపిరి లెక్కపెట్టుకుంటూ వెళ్లాలి, దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కకుండా మధ్యమధ్య ఆగాలి. డిసెంబరు పొద్దున మంచులో ఎదురుగా వచ్చే బస్సు లైట్లు దగ్గరికొచ్చేదాకా కనిపించవు. కానీ కారు అద్దాలెత్తుకుని వెళ్లేవాళ్లకు వినిపించని వాగులన్నీ సైకిల్ మీద వెళ్లేవాడికి వినిపిస్తాయి. తులసిపాక దాటి కిందికి దిగితే చింతూరు, శబరి నది. శబరి పక్కనే కూనవరం వెళ్తే అక్కడ అది గోదావరిలో కలుస్తుంది. ఆ సంగమం నుంచి వి.ఆర్.పురం, శ్రీరామగిరి మీదుగా పోచవరం చేరుకుంటాం.

చిక్కంతా పోచవరం దగ్గరే. నాసిక్ దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచే గోదావరి తూర్పు కనుమలను చీల్చుకుని ఇరుకైపోయే చోటు ఇక్కణ్నుంచే మొదలవుతుంది. కొండలు నిలువుగా నీళ్లలోకి దిగుతాయి. ఒడ్డు వెంట సైకిల్ తొక్కే దారి లేదు. ఉండాలని నేను అడగడం లేదు కూడా. 2008లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన, వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైబడిన అడవి అది. దానిలోంచి ఇంకో రోడ్డు కొట్టాలనే మాట ఎవరన్నా నేను వ్యతిరేకిస్తాను. అక్కడ ఉన్న దారి నదే. ఎగువన పోచవరం నుంచి వచ్చే పర్యాటక పడవలూ, దిగువన గండిపోచమ్మ గుడి దగ్గరి రేవు నుంచి వచ్చేవీ పేరంటపల్లి దాకా వచ్చి వెనక్కి వెళ్తుంటాయి. పోచవరంలో సైకిల్‌తో పడవ ఎక్కి, పేరంటపల్లిలో దిగి, గండిపోచమ్మ వైపు వెళ్లే పడవలోకి మారితే చాలు. అక్కణ్నుంచి గోకవరం మీదుగా ఇంటికి. కొండ, అడవి, శబరి, గోదావరి అన్నీ కలిపి మూడు నాలుగు రోజుల్లో ఒక చుట్టు పూర్తవుతుంది. దీనికి కొత్తగా ఒక్క కిలోమీటరు రోడ్డు కూడా అక్కర్లేదు.

ఇప్పుడు జరుగుతున్నదేమిటంటే, పోచవరం దాకా వచ్చినవాళ్లు అదే ఘాట్‌లో వెనక్కి ఎక్కాలి. లేదా ఎటపాక మీదుగా భద్రాచలం వెళ్లి, అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెం చుట్టు తిరిగి, లారీల మధ్యలో రావాలి. ఒకసారి రేవులో పడవ నడిపే ఆయన్ని సైకిల్ ఎక్కించుకోమని బతిమాలాను. "మనుషుల్నే లెక్కపెట్టి, లైఫ్ జాకెట్లు చూసి పంపుతున్నారు సార్. ఇది ఎక్కిస్తే రేపు నా మీదకొస్తుంది" అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగి దాదాపు యాభై మంది పోయిన నది ఇది. అంతకు ముందటి ఏడాది మంటూరు దగ్గర లాంచీ మునిగి గిరిజనులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తర్వాత వచ్చిన కట్టుబాట్లు సడలించమని ఎవరూ అడగకూడదు. అందుకే చాటుమాటుగా ఎక్కించుకోవడం కాకుండా రాతపూర్వకమైన నిబంధన కావాలంటున్నాను. ఒక సైకిల్, దాని మీది సంచులు కలిపి ముప్పై కిలోలనుకుందాం. పది సైకిళ్లు మూడు వందల కిలోలు, అంటే నలుగురైదుగురు ప్రయాణికుల బరువు. ఆ మేరకు టికెట్లు తగ్గించి, సైకిళ్లను కింది అంతస్తులో తాళ్లతో కట్టి, దారికి అడ్డం లేకుండా పెట్టించవచ్చు. నదిలో ప్రవాహం ఎక్కువైతే ఎలాగూ పడవలన్నీ ఆపేస్తారు, ఆ రోజు మేమూ ఆగుతాం.

ఇదంతా ఇప్పుడే ఎందుకు అడుగుతున్నానంటే పోలవరం వల్ల. ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. నీళ్లు నిలిపేకొద్దీ దేవీపట్నం వైపే కాకుండా వి.ఆర్.పురం, కూనవరం, చింతూరు వైపు కూడా ఇవాళ మనం నడిచే రోడ్లలో కొన్ని మునుగుతాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఆ మండలాల రోడ్లు రోజుల తరబడి నీళ్లలోనే ఉండటం చూశాం. కాబట్టి కొత్త రోడ్లు ఇంకాస్త ఎత్తులో వేయక తప్పదు. ఆ నక్షాలు గీసేటప్పుడే పక్కన మీటరున్నర గట్టి అంచు వదలడం తేలిక. తర్వాత అదే పని చేయాలంటే మళ్లీ కొండ తవ్వాలి, మళ్లీ చెట్లు కొట్టాలి.

ఇలాంటిది ఎక్కడైనా జరిగిందా అనేవాళ్లు డాన్యూబ్ నదిని చూడవచ్చు. సెర్బియా, రొమేనియా సరిహద్దులో ఆ నది కార్పేతియన్ కొండల మధ్య ఇరుకులోంచి వెళ్లే చోటును ఐరన్ గేట్స్ అంటారు. అక్కడ 1972లో ఆనకట్ట పూర్తయింది. అదా కాలే అనే దీవి మునిగిపోయింది, ఓర్షోవా పట్టణాన్ని పై ఎత్తున మళ్లీ కట్టుకున్నారు. మన దేవీపట్నం వాళ్లకు ఆ బాధ ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. అట్లాంటిక్ నుంచి నల్ల సముద్రం దాకా వెళ్లే యూరోవెలో 6 అనే సైకిల్ మార్గం ఇవాళ అదే లోయలోంచి సాగుతోంది. సెర్బియా వైపు ఒడ్డున గోలుబాట్స్ కోట నుంచి సొరంగాల్లోంచి వెళ్తూ, దారి పొడవునా బోర్డులు చూసుకుంటూ జనం తొక్కుతారు. సామానుతో వచ్చిన సైకిల్ యాత్రికులకు రాత్రి పడక, భోజనం ఆ ఊళ్లవాళ్లే చూస్తారు.

మన దగ్గర నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఈ చివరి విషయమే. కారులో వచ్చినవాళ్లు పొద్దున జలతరంగిణి జలపాతం, మధ్యాహ్నం భోజనం, సాయంత్రానికి తిరుగుముఖం. మధ్యలో ఉన్న ఊళ్లకు వాళ్లు వదిలేది దుమ్ము, వాగుల్లో నీళ్ల సీసాలు. సైకిల్ మీద వచ్చినవాడు పది పదిహేను కిలోమీటర్లకోసారి ఆగాలి. టీ తాగాలి, ఏదో ఒకటి తినాలి, చీకటి పడేలోపు ఒక ఊళ్లో పడుకోవాలి. వాడు ఖర్చుపెట్టేది తక్కువే, కానీ ఆ డబ్బు కొండరెడ్ల, కోయల ఊళ్లలోనే ఉంటుంది. పేరంటపల్లిలో కొండరెడ్లు వెదురుతో చేసే వస్తువులు చూడటానికి పడవ యాత్రికులకు దొరికే సమయం చాలా తక్కువ. ఒక రాత్రి ఆ ప్రాంతంలో ఉండేవాళ్లొస్తే ఆ చేతిపనికి గిరాకీ వేరుగా ఉంటుంది. చింతూరు, కూనవరం, వి.ఆర్.పురంలో డ్వాక్రా సంఘాల చేతికి రెండేసి గదులు, దోమతెరలు, వేడి అన్నం పెట్టే ఏర్పాటు అప్పగిస్తే చాలు. మలేరియా ఉన్న ప్రాంతం కాబట్టి దోమతెర తప్పనిసరి. రిసార్టులు వద్దు. ప్రతి మండలంలో ఇద్దరు కుర్రాళ్లకు పంక్చర్, బ్రేకు, గొలుసు పనులు నేర్పించి పనిముట్లు ఇవ్వాలి. గోకవరం దాటాక గేరు సైకిల్ పాడైతే చూసేవాళ్లు దొరకడం కష్టం. ఆ టెన్షన్‌తోనే చాలామంది ఇటు రావడం మానుకుంటున్నారు.

ఘాట్‌లో ఎన్ని కిలోమీటర్ల ఎక్కుడు ఉందో, తర్వాతి మంచినీళ్లు ఎంత దూరమో చెప్పే బోర్డులు కావాలి. మలుపుల దగ్గర 'సైకిళ్లు ఉంటాయి, నెమ్మదిగా వెళ్లండి' అని లారీ, బస్సు డ్రైవర్లకు కనిపించేలా రాయాలి. సెల్ సిగ్నల్ లేని చోట్లు ఎక్కువ కాబట్టి, ఘాట్ మొదట్లో చెక్‌పోస్టులో పేరు రాసి, రెండో చివర సంతకం పెట్టే పద్ధతి ఉంటే ఎవరైనా తప్పిపోయినా, పడిపోయినా తెలుస్తుంది. చీకటి పడ్డాక తొక్కడం, రోడ్డు వదిలి అడవిలోకి దిగడం నిషేధించాలి. సీజన్ నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చాలు. వానాకాలం వరద, వేసవిలో ఎండ, రెండూ ఈ దారికి పనికిరావు.

సైకిల్ మీద అంత దూరం ఎవరొస్తారని కొందరు నవ్వొచ్చు. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో ప్రారంభమైంది. తెల్లవారుజామున దాని మీద ప్రాక్టీసు చేసేవాళ్లను చూడండి. రెండు వందలు, మూడు వందలు, ఆరు వందల కిలోమీటర్ల బ్రెవేలు (నిర్ణీత గడువులో పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ యాత్రలు) తొక్కేవాళ్లు తెలుగు రాష్ట్రాల్లో చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎందరో సెలవు పెట్టి, సైకిల్ విప్పి పెట్టెలో సర్దుకుని మనాలి నుంచి లేహ్‌కు వెళ్లొస్తున్నారు. రాత్రి రైలెక్కితే పొద్దునకు వచ్చే రాజమహేంద్రవరం నుంచి ఇలాంటి చుట్టు ఒకటుందని వాళ్లకు చెప్పేవాళ్లే లేరు.

పర్యాటక శాఖ, పడవలకు అనుమతులిచ్చే అధికారులు, అటవీ శాఖ కలిసి కూర్చుంటే ఒక్క సమావేశంలో తేలే విషయమిది. రోడ్ల అంచులు, గదులు తర్వాత చూసుకోవచ్చు. రాబోయే నవంబరులో వారానికి ఒక రోజు, పోచవరం నుంచి ఒక పడవలోనూ గండిపోచమ్మ నుంచి ఒక పడవలోనూ పది సైకిళ్ల వరకు అనుమతిస్తూ, పేరంటపల్లిలో మారే వేళలు ముందే ప్రకటిస్తూ ఒక ఉత్తర్వు ఇవ్వండి. సైకిల్‌కు విడిగా రుసుము పెట్టినా కడతాం.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రాజమహేంద్రవరం