ఖాలిద్ జమీల్‌ను కొనసాగించాలి

సంపాదకులకు,

అయ్యా,

ఢాకాలో 2025 నవంబరు 18న బంగ్లాదేశ్ చేతిలో 0-1తో ఓడిన నాటి నుంచి, భారత ఫుట్‌బాల్ జట్టు ప్రధాన కోచ్ ఖాలిద్ జమీల్‌ను తప్పించి మళ్లీ ఒక విదేశీయుణ్ణి తెచ్చుకోవాలన్న మాట అభిమానుల మధ్య వినిపిస్తోంది. ఆ ఓటమిని సమర్థించడం నా ఉద్దేశం కాదు. ఆటగాడిగా మొదలుపెట్టి కోచ్‌గా ఆయన నడిచిన దారిని చూడకుండా, ఆయనకు అప్పగించినప్పుడు పరిస్థితి ఏమిటో లెక్క వేయకుండా తీర్పు చెప్పేయడం సరికాదని మాత్రమే మనవి చేస్తున్నాను.

కువైట్‌లో 1977లో పుట్టిన ఖాలిద్ ముంబయిలో మహీంద్రా యునైటెడ్, ఎయిర్ ఇండియా జట్లకు మిడ్‌ఫీల్డర్‌గా ఆడారు. జాతీయ జట్టులోనూ చోటు సంపాదించారు గానీ, గాయాల వల్ల ఆ తరం పేరున్న ఆటగాళ్లలో ఒకరు కాలేకపోయారు. 2009లో, ముప్పయ్యేళ్లు దాటీ దాటగానే, తాను ఆడుతున్న ముంబయి ఎఫ్‌సీకే కోచ్ అయ్యారు. తారలను కొనగల క్లబ్ కాదది. అలాంటి జట్టును ఏడేళ్లపాటు అప్పటి దేశ అగ్రశ్రేణి పోటీ అయిన ఐ-లీగ్ నుంచి కిందికి జారిపోకుండా కాపాడుకొచ్చారు. 2016లో ఆయన అక్కడి నుంచి వెళ్లిపోయారు. ఆ మరుసటి సీజన్‌లోనే ముంబయి ఎఫ్‌సీ పట్టికలో అట్టడుగున నిలిచి లీగ్‌కు దూరమైంది.

అదే సీజన్‌లో ఖాలిద్ ఎక్కడున్నారో చూడండి. మిజోరంలోని ఐజ్వాల్ ఎఫ్‌సీ అంతకుముందు ఏడాదే లీగ్ నుంచి జారిపోయింది. గోవా క్లబ్బులు పోటీ నుంచి తప్పుకోవడం వల్ల దానికి మళ్లీ అవకాశం దొరికింది. ముంబయిలో తన దగ్గర ఆడిన జయేశ్ రాణే, ఆశుతోష్ మెహతాలను వెంటబెట్టుకుని, సిరియా ఆటగాడు మహమూద్ అల్ అమ్నాను మధ్యలో నిలబెట్టి, తక్కిన జట్టును ఎక్కువగా మిజో కుర్రాళ్లతో ఆయన నింపారు. ఆఖరి మ్యాచ్‌కు ముందు మ్యాచ్‌లో, ఐజ్వాల్ మైదానంలో, జోమింగ్లియానా రాల్తే తలతో కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో మోహన్ బగాన్‌ను ఓడించారు. 2017 ఏప్రిల్ 30న షిల్లాంగ్‌లో డ్రా చేసుకుంటే టైటిల్ దక్కుతుందన్న స్థితిలో మొదట గోల్ ఇచ్చుకున్నా, రెండో అర్ధభాగంలో సమం చేసి 1-1తో గట్టెక్కారు. 18 మ్యాచ్‌ల్లో 37 పాయింట్లు; మోహన్ బగాన్‌కు 36. ఈశాన్య రాష్ట్రాల క్లబ్ ఒకటి జాతీయ లీగ్ గెలవడం అదే మొదటిసారి. తక్కువ డబ్బుతో, పెద్ద పేర్లు లేకుండా జట్టు కట్టడం ఎలాగో ముంబయిలో ఏడేళ్లు నేర్చుకోకపోతే ఆ ఫలితం వచ్చేది కాదని నా అభిప్రాయం.

కోల్‌కతాలో ఆయనకు అంతగా కలిసిరాలేదు. ఆ తర్వాత నార్త్ఈస్ట్ యునైటెడ్‌ను 2020-21 ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లో సీజన్ మధ్యలో అందుకుని సెమీఫైనల్‌కు చేర్చారు. జంషెడ్‌పూర్‌నూ 2024-25లో అంతవరకే తీసుకెళ్లారు.

ఇక జాతీయ జట్టు. ఆసియా కప్ అర్హత పోటీల్లో ఖాలిద్ రాకముందే భారత్ రెండు మ్యాచ్‌లు ఆడి ఒకే ఒక్క పాయింటుతో ఉంది. షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌తో 0-0, హాంకాంగ్‌లో 0-1. అప్పటి కోచ్ మానొలో మార్క్వెజ్ సామాన్యుడేమీ కాదు. మన హైదరాబాద్ ఎఫ్‌సీకి 2021-22 ఐఎస్‌ఎల్ టైటిల్ తెచ్చిపెట్టిన మనిషి. అంటే లోపం కోచ్ ఏ దేశం వాడన్న దానిలో లేదు. 2025 ఆగస్టులో పగ్గాలు అందుకున్న ఖాలిద్, మోహన్ బగాన్ తన ఆటగాళ్లను పంపకపోయినా, తజికిస్తాన్‌లో ఆడిన మధ్య ఆసియా దేశాల పోటీ కాఫా నేషన్స్ కప్‌లో ఒమన్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి మూడో స్థానం సాధించారు. అక్టోబరులో సింగపూర్‌లో పదిమందితో ఆడుతూ 1-1 దక్కించుకున్న జట్టే, అయిదు రోజుల తర్వాత గోవాలోని ఫతోర్దాలో అదే సింగపూర్‌పై ఛాంగ్టే గోల్‌తో ముందంజ వేసి కూడా 1-2తో ఓడి అర్హత పోగొట్టుకుంది. ఆధిక్యం రాగానే వెనక్కి తగ్గి కాచుకోవడం ఖాలిద్‌కు పాత అలవాటు, ఆ విమర్శను నేనూ ఒప్పుకుంటాను. కానీ గోల్స్ చేసే భారతీయ ఫార్వర్డ్‌లు ఎక్కడున్నారు? క్లబ్బుల్లో ఆ స్థానం ఎక్కువగా విదేశీయులదే అయినప్పుడు, ఏ దేశం నుంచి ఎవరిని తెచ్చినా సునీల్ ఛెత్రి తర్వాత ఎవరన్న ప్రశ్న అలాగే ఉంటుంది.

ఈ తొందరపాటు మనకు కొత్త కాదు. హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ నయీముద్దీన్ 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు కెప్టెన్. కోచ్‌గా మారి 1990లో ఈస్ట్ బెంగాల్‌కు ఒకే ఏడాది ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ ట్రోఫీలు మూడూ గెలిపించారు. ఆ ఏడాదే కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య పురస్కారం వచ్చింది. ఆటగాడిగా రావలసిన అర్జున మాత్రం 1997 దాకా రాలేదు, అదొక విచిత్రం. అంతటి మనిషిని కూడా 2006లో ఆసియా కప్ అర్హత పోటీల ఓటములు రాగానే పక్కన పెట్టి, ఇంగ్లండ్ నుంచి బాబ్ హౌటన్‌ను తెచ్చారు. తర్వాత 2012 నుంచి వరుసగా విదేశీ కోచ్‌లే. మళ్లీ ఒక భారతీయుడికి పూర్తిస్థాయి బాధ్యత ఇవ్వడానికి పదమూడేళ్లు పట్టింది.

అందువల్ల అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఖాలిద్‌ను తదుపరి ఆసియా కప్ అర్హత పోటీలు ముగిసే దాకా కొనసాగించాలి. ఆయన ఆట నచ్చకపోతే సాంకేతిక కమిటీ ఎదుట పిలిచి అడగవచ్చు. మన దగ్గర హైదరాబాద్ ఎఫ్‌సీ కూడా ఢిల్లీకి తరలిపోయింది కనుక, ఉన్న శ్రీనిధి డెక్కన్ వంటి క్లబ్బులైనా సంతోష్ ట్రోఫీ ఆడి రిటైరైన స్థానిక ఆటగాళ్లను సహాయ కోచ్‌లుగా తీసుకోవాలి. రెండు రాష్ట్రాల ఫుట్‌బాల్ సంఘాలు కోచ్‌లకు ప్రాథమిక శిక్షణ ఇచ్చే డి లైసెన్స్ కోర్సులను జిల్లా కేంద్రాల్లో నిర్వహించి, ఆ ఆటగాళ్ల ఫీజులో సగమైనా భరించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సికింద్రాబాద్