పాత మోటార్‌సైకిళ్ల సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

కిందటి ఏడాది ఇదే సభలో జెట్ల పెట్టె కొన్నామని గొప్పగా చెప్పుకున్నాం. జెట్లంటే ఇంజనుకు గాలిలో పెట్రోలు కలిపి ఇచ్చే కార్బురేటర్‌లో పెట్రోలును కొలిచి పోసే చిన్న రంధ్రపు ముక్కలు. నంబర్ల వారీగా అరల్లో సర్దిన ఆ ఇత్తడి ముక్కలు చూడటానికే ముచ్చటగా ఉండేవి. ఈ ఏడాది చెప్పవలసింది దానికి తలకిందులు. పెట్టె తెరవడం తగ్గించాం. షెడ్డుకు వచ్చిన బండ్లలో చాలావాటికి జబ్బు జెట్టులో లేదని, జెట్టు మార్చి ఆ జబ్బును దాచిపెడుతున్నామని ఆలస్యంగా తెలుసుకున్నాం. ఈ నివేదికలో ఎక్కువ భాగం ఆ కథే. సమావేశాలు, చందాల సంగతి చివర్లో రెండు ముక్కల్లో ముగిస్తాను.

నెలకో ఆదివారం కాలువగట్టు మీది షెడ్డులో కూర్చునే అలవాటు ఈ ఏడాదీ సాగింది. అక్కడికి రాజోలు వైపు నుంచి ఒక యమహా ఆర్ఎక్స్ 100 బండి వచ్చింది. ఊళ్లో తిరిగినంతసేపూ బుద్ధిగా ఉంటుంది. రోడ్డెక్కి రెండు నిమిషాలు గట్టిగా తోలితే దగ్గి, నీరసించి ఆగిపోతుంది. కాసేపు నిలబెడితే మళ్లీ మామూలే. పెట్రోలు చాలడం లేదన్నది స్పష్టం. కాబట్టి బండిని గట్టిగా తోలినప్పుడు పెట్రోలు పోసే మెయిన్ జెట్టు పెంచాం. చాలలేదని ఇంకా పెంచాం. మూడోసారి కూడా పెంచాక మన పెద్ద మెకానిక్ గారు కళ్లజోడు సర్దుకుని, కార్బురేటర్ పక్కనుంచి కిందికి వేలాడే సన్నని గొట్టాన్ని లాగి ఊదిచూశారు. గాలి పోలేదు. చీల్చి చూస్తే లోపల కందిరీగ కట్టిన మట్టిగూడు, అందులో పిల్ల తినడానికి దాచిపెట్టిన పచ్చని గొంగళిపురుగు. ఆ గొట్టం కార్బురేటర్ అడుగున పెట్రోలు నిలిచే గిన్నెలోకి గాలి రావడానికి పెట్టింది. అది మూసుకుపోతే గిన్నెలోంచి పెట్రోలు పోయినకొద్దీ పైన గాలి ఒత్తిడి తగ్గి, కొత్త పెట్రోలు పైకి లేవదు. ఎంత పెద్ద జెట్టు వేసినా ఒకటే. గొట్టం మార్చగానే మనం వేసిన పెద్ద జెట్టు పుణ్యమా అని బండి నల్లటి పొగ కక్కింది. పాత జెట్టు పాత చోటికే వెళ్లింది.

రెండో పాఠం ఒక బుల్లెట్ 350 చెప్పింది. దాని జెట్టు మీద ఉన్నది కంపెనీ నంబరే. అయినా ప్లగ్గు మాత్రం మసిబొగ్గు, అంటే పెట్రోలు ఎక్కువ పడుతోంది. గాలి వడపోత కొత్తది, గిన్నెలో పెట్రోలు నిలిచే ఫ్లోట్ మట్టం సరిగ్గానే ఉంది. చివరకు యజమాని నోరు విప్పాడు: జెట్టు మూసుకుపోయినప్పుడల్లా పిన్నీసుతో పొడిచి శుభ్రం చేసుకుంటాడట. ఇత్తడి మెత్తని లోహం. 1.00 మిల్లీమీటరు రంధ్రం అరిగి 1.05 అయితే కంటికి ఏమీ తెలియదు, కానీ రంధ్రం విస్తీర్ణం పది శాతం పెరిగినట్టు. నంబరు ఒకటి చెబుతుంటే రంధ్రం ఇంకొకటి పోస్తోంది. అదే నంబరుతో కొత్త జెట్టు వేస్తే బండి కుదుటపడింది. సభ్యులకు మళ్లీ మనవి: జెట్టును కార్బురేటర్ క్లీనర్‌లో నానబెట్టి గాలి పంపుతో ఊదండి. అప్పటికీ వదలకపోతే సన్నని నైలాన్ గాలం దారం దూర్చండి. పిన్నీసు, గుండుసూది, తీగ ముక్క ఏదీ వద్దు.

మరో గందరగోళం కూడా నంబర్లదే. మికుని, కెహిన్ రెండూ కార్బురేటర్ కంపెనీలు. మికుని వాళ్ల షట్కోణపు జెట్టు మీది అంకె అందులోంచి నిమిషానికి పారే ఇంధనాన్ని బట్టి ఇచ్చింది. కెహిన్ జెట్టు మీది అంకె రంధ్రం వ్యాసాన్ని బట్టి ఇచ్చింది. రెండింటి మీదా 110 అని ఉన్నంత మాత్రాన అవి ఒకటి కావు. పెట్టెలో ఈ రెండు రకాలనూ కలిపేసిన మహానుభావుడెవరో తెలియదు గానీ, విడదీయడానికి ఒక ఆదివారం పట్టింది.

ఆ తర్వాత షెడ్డులో ఒక వరుస పెట్టుకున్నాం. బండి రాగానే ముందు గాలి వడపోత, గిన్నె గొట్టం, పెట్రోలు కుళాయి ధార చూస్తున్నాం. తర్వాత కార్బురేటర్‌కు ఇంజనుకు మధ్య ఉండే రబ్బరు. ఐడిల్‌లో, అంటే పిడి తిప్పకుండా ఇంజను ఊరికే తిరుగుతున్నప్పుడు, దాని చుట్టూ సబ్బునీళ్లు చల్లినప్పుడు ఇంజను శబ్దం మారితే ఎక్కడో గాలి లాగుతోందని అర్థం. ఇవన్నీ బాగున్నాకే జెట్ల మాట. అప్పుడు కూడా ఏ జెట్టు అన్నది తేల్చాలి. దానికి యాక్సిలరేటర్ పిడి చుట్టూ తెల్లటి టేపు అంటించి పావు, అర, ముప్పావు గీతలు గీస్తున్నాం. పిడి పక్కన కదలని చోట ఒక చుక్క. తొట్రుపాటు ఏ గీత దగ్గర వస్తోందో తోలేవాడు చూసుకుని చెబితే చాలు. ఎనిమిదో వంతు లోపల అయితే ఐడిల్‌కు పెట్రోలు పోసే పైలట్ జెట్టు, దాని మిశ్రమం సరిచేసే ఎయిర్ స్క్రూ. అక్కడి నుంచి పావు దాకా, పిడి తిప్పితే పైకి లేచే స్లైడు అడుగున కోసిన వంపు. పావు నుంచి ముప్పావు దాకా స్లైడుకు వేలాడే సూది, అంటే నీడిల్. ఆ పైన మాత్రమే మెయిన్ జెట్టు. ఊళ్లో తిరిగే బండి రోజంతా నీడిల్ మీదే నడుస్తుంది. మనం మాత్రం ఏళ్ల తరబడి మెయిన్ జెట్టునే పట్టుకుని వేలాడాం. నీడిల్ క్లిప్పును ఒక గాడి కిందికి దించితే నీడిల్ పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. చాలా బండ్లకు మందు అంతే.

ఎయిర్ స్క్రూ గురించి ఒక హెచ్చరిక. ఆర్ఎక్స్, పాత బుల్లెట్ల కార్బురేటర్లలో అది గాలిని అదుపు చేస్తుంది కాబట్టి బిగిస్తే మిశ్రమంలో పెట్రోలు పాలు పెరుగుతుంది. స్క్రూ ఇంజను వైపున ఉన్న కొన్ని కార్బురేటర్లలో అది పెట్రోలునే అదుపు చేస్తుంది, కాబట్టి లెక్క తిరగబడుతుంది. చెయ్యి వేసే ముందు ఎటువైపు ఉందో చూడండి.

కొత్త పెట్రోలు మీద వచ్చినన్ని ప్రశ్నలు మరే విషయం మీదా రాలేదు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు మన దేశంలో 2023 ఫిబ్రవరిలో అమ్మకానికి వచ్చింది. కిలో పెట్రోలు పూర్తిగా మండటానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. కిలో ఇథనాల్‌కు 9 కిలోలే చాలు. ఇరవై శాతం కలిపిన ఇంధనానికి ఇది దాదాపు 13.5. అంటే అదే గాలికి ఇంధనం ఎక్కువ పడాలి. కంప్యూటరు ఉన్న కొత్త బండి తనంతట తాను సర్దుకుంటుంది. మన కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు, జెట్టు ఎంత పోస్తే అంతే. కాబట్టి ఈ విషయంలో మాత్రం పెట్టె తెరవక తప్పలేదు. పది శాతం ఇథనాల్‌కు అలవాటుపడిన బండికి తేడా నాలుగైదు శాతమే, మెయిన్ జెట్టు ఒక మెట్టు పెంచితే చాలు. మూడు మెట్లు పెంచమన్న సలహాలు ఎవరిచ్చినా వినవద్దు. టూస్ట్రోక్ బండ్లకు ఆయిలును పెట్రోలులో కలిపి పోసేవారు, భద్రత కోసమని ఆయిలు పెంచితే జెట్టు గుండా పోయే పెట్రోలు ఆ మేరకు తగ్గుతుందని కూడా గుర్తుంచుకోండి.

2024 జూలైలో గోదావరికి వరద వచ్చి ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక జారీ అయ్యాక, లంక గ్రామాల నుంచి నీళ్లలో నానిన బండ్లు వచ్చాయి. ఇథనాల్ నీటిని తనలో కలుపుకుంటుంది. హద్దు దాటితే రెండూ కలిసి ట్యాంకు అడుగుకు దిగుతాయి. గిన్నెలోది గాజుసీసాలో వంచి కాసేపు కదపకుండా ఉంచితే అడుగున వేరే పొర తేలికగా కనిపించింది. అలాంటి కార్బురేటర్లలో అల్యూమినియం మీద తెల్లటి పొడి, జెట్ల మీద పచ్చటి కిలుము. వాటికి శుభ్రం చేయడమే వైద్యం. తేమ ఎక్కువున్న మన ప్రాంతంలో వారాల తరబడి నిలబెట్టే బండికి గిన్నె ఖాళీ చేసి ఉంచడం మేలు.

ఇక నా సొంత ఘనకార్యం. కమిటీలో కొందరు దీన్ని నివేదికలో రాయవద్దన్నారు. రాస్తున్నాను.

డిసెంబరులో అరకు వెళ్లాం. నా ఆర్ఎక్స్‌కు కంపెనీ గాలి పెట్టె తీసేసి బయటి వడపోత పెట్టాను, సైలెన్సరూ మార్చాను, దానికి తగ్గట్టు మెయిన్ జెట్టు పెంచాను. మధ్యాహ్నం ఘాట్ ఎక్కుతుంటే బండి బరువెక్కింది. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి మన డెల్టాలో కంటే ఎనిమిది శాతం దాకా పలచన. గాలి తగ్గింది కాబట్టి పెట్రోలు ఎక్కువవుతోందని, పైన ఆగగానే చిన్న జెట్టు వేశాను. మర్నాటి ఉదయం చలిలో బండి గుర్రంలా నడిచింది. అందరికీ చెప్పుకుని మురిసిపోయాను. కానీ ముప్పై డిగ్రీల నుంచి పది డిగ్రీలకు దిగితే గాలి ఏడు శాతం చిక్కబడుతుంది. ఎత్తు తీసుకున్నదాన్ని చలి దాదాపు తిరిగి ఇచ్చేసింది. అసలు జెట్టు మార్చవలసిన పనే లేదు.

అంతకంటే పెద్ద తప్పు, కిందికి దిగాక పాత జెట్టు వేయడం మరిచిపోయాను. జాతీయ రహదారి మీద గుంపుతో పాటు సగం యాక్సిలరేటర్‌తోనే వచ్చాను కనుక ఏమీ తెలియలేదు. నీడిల్ కాపాడుకుంటూ వచ్చింది. జొన్నాడ దాటి గౌతమి వంతెన ఎక్కాక రోడ్డు ఖాళీగా కనిపించింది. ఇల్లు దగ్గరపడిందన్న సంబరంలో పిడి మొత్తం తిప్పాను. వంతెన సగం దాటేసరికి వెనక నుంచి ఎవరో పట్టి లాగుతున్నట్టు అనిపించింది. తర్వాత ఒక్క కీచు శబ్దం, వెనక చక్రం బిగుసుకుపోయింది. క్లచ్చు నొక్కడానికి చెయ్యి దానంతట అదే పోయింది కాబట్టి పడలేదు. వెనక వస్తున్న లారీ హారను కొట్టుకుంటూ పక్కనుంచి పోయింది. రావులపాలెం దాకా తోసుకుంటూ వెళ్లాను, గోదావరి అందాలు తీరిగ్గా చూసుకుంటూ. చిన్న జెట్టు పోసిన పెట్రోలు చాలక ఇంజను వేడెక్కి పిస్టన్ పట్టేసింది. విప్పి చూస్తే పిస్టన్‌కు సైలెన్సరు వైపున బూడిదరంగు గీరలు, అది తిరిగే బోరు గోడకు అంటుకున్న అల్యూమినియం. 50 మిల్లీమీటర్ల బోరు పెంచి పెద్ద పిస్టన్ వేయించుకోవలసి వచ్చింది. ఖర్చు సంఘానిది కాదు, నాదే.

ఆ బండికి ఇప్పుడు కంపెనీ గాలి పెట్టె, కంపెనీ సైలెన్సరు, కంపెనీ జెట్టు. ఊక, కొబ్బరి పీచు ఎగిరే మన రోడ్లకు ఆ పెట్టే నయం. సైలెన్సర్ల విషయంలో కమిటీ తీర్మానం కూడా చేసింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో దీన్నే గట్టిగా చెప్పింది. లోపలి గొట్టం తీసేసిన సైలెన్సరుతో వచ్చే బండిని ఇకపై షెడ్డులో తనిఖీ చేయం.

కాలుష్య ధ్రువపత్రం ఉంది కదా అని ధీమాగా ఉండేవారికి ఒక మాట. 2000 సంవత్సరానికి ముందు తయారైన ద్విచక్ర వాహనాలకు కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం దాటకూడదు. ఆ పరీక్ష ఐడిల్‌లో జరుగుతుంది. అంటే అది చూసేది పైలట్ జెట్టును, ఎయిర్ స్క్రూనే. మెయిన్ జెట్టు గురించి దానికి ఏమీ తెలియదు.

జమాఖర్చులు కోశాధికారి విడిగా చదువుతారు. చందా బకాయిల పేర్లు చదవవద్దని ఆయన్ను బతిమాలి ఒప్పించాను, ఈ ఒక్క ఏడాదికి. బండి యాత్రలు వచ్చే ఏడాది దగ్గర ఊళ్లకే.

జెట్ల పెట్టెలో కొన్ని అరలు ఖాళీగా ఉన్నాయి. పుస్తకంలో సంతకం లేకుండా తీసుకెళ్లినవారు వచ్చే ఆదివారం తెచ్చి షెడ్డులోని డబ్బాలో వేస్తే చాలు, ఎవరని అడగం. పిన్నీసుతో పొడిచినవైతే మాత్రం వేరే పొట్లంలో కట్టి, పైన ఆ మాట రాయండి.

కార్యదర్శి