చచ్చింది బాక్టీరియానా, తగ్గింది రంగా?

సంపాదక మహాశయా,

మందులకు లొంగని బాక్టీరియాపై కొత్త రసాయనం దొరికిందన్న వార్తల్లో ‘బయోఫిల్మ్‌ను (బాక్టీరియా ఏదైనా ఉపరితలానికి అంటుకుని తమ చుట్టూ కట్టుకునే జిగురు పొరను) నాశనం చేసింది’ అన్న మాట తేలిగ్గా దొర్లిపోతోంది. ఏ పరీక్షలో తేలిందో మాత్రం ఉండదు.

మామూలు పరీక్షలో మిల్లీలీటరుకు సుమారు 5 లక్షల బాక్టీరియా ఉన్న ద్రవంలో మందు కలిపి, 35 డిగ్రీల వద్ద 16–20 గంటలు ఉంచి, ఎంత గాఢతకు ఎదుగుదల ఆగిందో చూస్తారు. కాథెటర్ (శరీరంలోకి పెట్టే గొట్టం) మీదో కృత్రిమ కీలు మీదో జిగురు పొర కట్టుకున్న బాక్టీరియాకు ఈ లెక్క చాలదు. అదే బాక్టీరియాను అక్కడ చంపాలంటే కొన్నిసార్లు వెయ్యి రెట్లు మందు పట్టవచ్చు. టోబ్రామైసిన్ లాంటి ధనావేశపు మందును పొరలోని ఆల్జినేట్ అనే జిగురు పదార్థం, డీఎన్ఏ పట్టేసుకుంటాయి. అడుగున ఆక్సిజన్ అందక ఎదుగుదల మందగించిన కణాలపై పెన్సిలిన్ తరహా మందులు పెద్దగా పారవు. జన్యువులేమీ మారనక్కర్లేదు, పొర వదిలి బయటపడితే ఆ బాక్టీరియాయే మళ్లీ మామూలు మోతాదుకు చస్తుంది.

అసలు చిక్కు క్రిస్టల్ వయలెట్ అనే ఊదా రంగుతో పొరను కొలిచే పరీక్షతో. 96 గుంతల ప్లేటులో పొర పెంచి, కడిగి, 0.1 శాతం రంగు పట్టించి, 30 శాతం ఎసిటిక్ ఆమ్లంలో కరిగించి ఆ రంగు ఎంత చిక్కగా ఉందో యంత్రంతో కొలుస్తారు. చవక, సులువు. కానీ రంగు చచ్చిన కణాలకూ జిగురుకూ కూడా అంటుతుంది. కణాలన్నీ చచ్చి జిగురు మిగిలితే మంచి మందు కూడా విఫలమైనట్టు కనిపిస్తుంది. జిగురు ఊడి బతికిన కణాలు కడుగునీళ్లతో పోతే పనికిరానిది గెలిచినట్టు ఉంటుంది. చేయి కాస్త బరువుగా కడిగినా అంతే! మందును బాక్టీరియాతో పాటు మొదట్లోనే కలిపితే పొర కట్టకపోవడానికి ఎదుగుదల ఆగిపోవడమే కారణం కావచ్చు.

కాబట్టి పొరను కనీసం 24 గంటలు ముదరనిచ్చాకే మందు వేయాలి. ఆపై మిగిలిన మందును నిర్వీర్యం చేయాలి, లేదంటే అది అగార్ (బాక్టీరియాను పెంచే జెల్లీ) మీదికీ వెళ్లి కాలనీలను అణచేస్తుంది. అల్ట్రాసౌండ్‌తో పొర విడదీసి, పదింతల చొప్పున పలుచన చేసి బతికినవాటిని లెక్కించాలి. అల్ట్రాసౌండ్ మోతాదు మించితే అదే కణాలను చంపుతుంది. మందు లేని పొరకూ అంతే సేపు పెట్టి చూడాలి. మందును కరిగించడానికి వాడిన డీఎంఎస్ఓ అనే ద్రావణిని కూడా విడిగా పరీక్షించాలి.

99.9 శాతం చచ్చాయన్నా, పది కోట్లలో లక్ష మిగిలినట్టే. పొరను చీల్చే సబ్బులాంటి రసాయనాలు ఎర్రరక్తకణాలనూ చీల్చవచ్చు గనుక ఆ ఫలితం కూడా వార్తలో రావాలి.

ఇట్లు,
ఒక మైక్రోబయాలజిస్టు