ఆర్కిడ్ విత్తనాల ప్యాకెట్లు కొనకండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఆన్‌లైన్‌లోనూ, తిరునాళ్ల అంగళ్లలోనూ 'ఆర్కిడ్ విత్తనాలు' అని బొమ్మలేసిన ప్యాకెట్లు అమ్ముతున్నారు. వాటి గురించి ఒక ముక్క వేస్తారని రాస్తున్నాను. మా పక్కింటి పిన్నిగారు నీలం పువ్వు బొమ్మ చూసి ముచ్చటపడి తెప్పించుకుంటే లోపల ఆవాలంత గింజలున్నాయి. అసలు ఆర్కిడ్ విత్తనం అంత ఉండనే ఉండదండీ! ఒక్క కాయలో లక్షల్లో ఉంటాయి, కాయ పగిలితే పౌడర్‌లా రాలిపోతాయి. మొలకకు కావాల్సిన తిండి గింజలో ఉండదు, అడవిలో అయితే ఒక రకం బూజు ఆ తిండి అందిస్తుంది. 1922లో నడ్‌సన్ అనే అమెరికా శాస్త్రవేత్త చక్కెర కలిపిన అగర్ (సముద్రపు నాచు నుంచి తీసే జిగురులాంటి పదార్థం) మీద, ఆ బూజు లేకుండానే మొలిపించి చూపించాడు, ఇప్పటికీ ల్యాబుల్లో సీసాల్లో చేసేది అదే పని. కుండీలో మట్టి పోసి చల్లితే గడ్డి తప్ప ఏమీ రాదు. ఒకవేళ మొలిచినా, హైబ్రిడ్ (రెండు రకాలు కలిపి పుట్టించింది) కాబట్టి ఒకే కాయలో పిల్లలే ఒక్కోటి ఒక్కో తీరుగా పూస్తాయి, ప్యాకెట్ మీద బొమ్మకు గ్యారంటీ ఎక్కడిది? షాపుల్లో కనిపించే ఆ ముదురు నీలం ఫెలనాప్సిస్ (ఆర్కిడ్లలో ఒక రకం) కూడా తెల్లపువ్వు కాడకి రంగు ఎక్కించిందే, మళ్లీ పూసినప్పుడు తెల్లగానే పూస్తుంది.

కొందరు పెళ్లి మండపంలో కట్టిన ఊదారంగు ఆర్కిడ్ కాడలు తెచ్చి గుచ్చుతారు. అవి ఎక్కువగా డెండ్రోబియం అనే రకం ఆర్కిడ్ పూలకాడలు, వాటికి వేళ్లు రావు.

మరి ఇంట్లో పెంచుకోలేమా అంటే, నిక్షేపంగా పెంచుకోవచ్చు. మా కావలి ఎండలకి ఫెలనాప్సిస్ కంటే డెండ్రోబియం హైబ్రిడ్లే నయం, సముద్రపు గాలిలో తేమ వాటికి బాగా పడుతుంది. మట్టి అస్సలు వద్దు. చిల్లుల కుండీలో బొగ్గులు, పెంకు ముక్కలు చాలు, మనవైపు చిల్లచెట్ల (సర్కారు తుమ్మ) బొగ్గుకి కొదవేముంది! పైన గ్రీన్ నెట్, వడగాడ్పుల రోజుల్లో పొద్దునా సాయంత్రం నీళ్లు, అక్టోబరు, నవంబరు ముసురుకి మాత్రం పంచలోకి జరపాలి, లేకపోతే కొత్త చిగురు కుళ్లిపోతుంది. వేరు వెండిలా తెల్లగా ఉంటే దాహంతో ఉందని, తడిపితే చూస్తుండగానే పచ్చబడుతుంది. బోరునీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లలో వేళ్ల మీద తెల్లగా ఉప్పు పొర కడుతుంది, వాననీళ్లు పట్టి పెట్టుకోవడం మేలు.

ఒక మొక్క నుంచి మరిన్ని చేసుకోవాలంటే పూత అయిపోయి ఆకులు రాలిన పాత కాడని (పూలకాడ కాదు, ఆకులు మోసే లావు కాండం) పనికిరాదని కోసి పారేయకండి. కణుపు దగ్గర చిన్న పిల్లమొక్క వస్తుంది, దాని వేళ్లు రెండంగుళాలు సాగేదాకా ఆగి, మంటలో కాల్చి చల్లార్చిన బ్లేడుతో తీసి, కోసిన చోట మాత్రమే దాల్చినచెక్క పొడి అద్దాలి (వేళ్లకి తగిలితే ఎండిపోతాయి). కుండీ నిండిపోయిన మొక్కనైతే మూడు నాలుగు కాడలు ఒక ముక్కగా విడదీయొచ్చు. ఇలా వచ్చింది అచ్చం తల్లి పువ్వే పూస్తుంది. పైసా ఖర్చు లేదు, పక్కింటికి ఇచ్చుకోవచ్చు కూడా. మా పిన్నిగారికి నేనిచ్చింది అలాంటి పిల్లే.

మీ తోటపని పేజీలో ఈ ప్యాకెట్ల సంగతి రాయండి. ఉద్యానశాఖ వాళ్లు పూల ప్రదర్శనలు పెట్టినప్పుడు రకం పేరు చీటీ కట్టిన టిష్యూకల్చర్ (ల్యాబులో తల్లిమొక్క ముక్క నుంచి పెంచిన) మొక్కలు అమ్మించగలిగితే, జనం ఈ గింజల జోలికి పోరు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, కావలి