ఉన్ని తొడుగును వేడినీళ్ళలో వేయమనకండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో పసిపిల్లల గుడ్డ డైపర్ల మీద వ్యాసం వచ్చింది. లోపలి గుడ్డలనూ పై తొడుగునూ కలిపి వేడినీళ్ళలో ఉతకాలని అందులో రాశారు. నూలు గుడ్డలకు ఆ మాట సరైనదే. పై తొడుగు ఉన్నిదైతే మాత్రం ఒక్క ఉతుకుతో పాడైపోతుంది. నా చేతులతో ఒకటి పాడుచేశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

రెండేళ్ళ కిందట అమ్మాయి పురుటికి మినియాపొలిస్ వెళ్ళాను. మనవడికి రాత్రిళ్ళు నూలు గుడ్డ కట్టి, దాని మీద చిన్న లాగులాంటి ఉన్ని తొడుగు వేసేవాళ్ళం. ఉన్ని తన బరువులో మూడోవంతు దాకా తేమను పీల్చుకున్నా పైకి తడిగా అనిపించదు. ప్లాస్టిక్ తొడుగులా ఉక్కపోయదు. తెల్లారి తీసి చూస్తే లోపలి గుడ్డ ముద్దగా తడిసి ఉండేది, పిల్లవాడి పక్క పొడిగా ఉండేది. ఒకరోజు అమ్మాయి నిద్రపోతుంటే, సాయం చేద్దామని ఆ తొడుగును కూడా మిగతా గుడ్డలతో మిషన్‌లో వేడినీళ్ళకు వేశాను. బయటికి వచ్చింది నా అరచేయంత ముక్క! అట్టలా మందంగా, బిగుసుకుపోయి ఉంది. తలకు రాసే కండిషనర్ కలిపిన నీళ్ళలో నానబెట్టి లాగి చూశాం. ఒక వేలెడు సాగింది, అంతే.

ఉన్ని వెంట్రుక మీద చేప పొలుసుల్లాంటి సన్నని పొలుసులుంటాయి. వేడికీ సబ్బుకూ అవి విచ్చుకుంటాయి. మిషన్ కుదుపులకు ఒకదానితో ఒకటి చిక్కుపడి బిగుస్తాయి. ఆ చిక్కు ఇక వీడదు.

అసలు దాన్ని రోజూ ఉతకనక్కరలేదు. విప్పగానే గాలికి ఆరేస్తే మూత్రం వాసన పోతుంది. ఆరాక కూడా వాసన వస్తోందంటే అప్పుడు ఉతకాలి. మా ఇంట్లో రెండు తొడుగులు మార్చి మార్చి వాడితే రెండు మూడు వారాలకొకసారి ఆ పని పడేది. విరేచనం అంటితే అక్కడివరకు వెంటనే కడిగేయాలి. గోరువెచ్చని నీళ్ళు, ఉన్నికి వాడే మెత్తని సబ్బు, చేత్తో అదమడం. రుద్దకూడదు, పిండకూడదు. తువ్వాలులో చుట్టి నొక్కి, నీడలో పరిచి ఆరబెట్టాలి.

నీరు దిగకుండా ఆపేది లానోలిన్. గొర్రె చర్మం నుంచి ఊరి ఉన్నికి పట్టే జిడ్డు అది. ఉతికేకొద్దీ పోతుంది కనుక మళ్ళీ పట్టించాలి. పాలిచ్చే తల్లులు రొమ్ము పగుళ్ళకు రాసుకునే శుద్ధమైన లానోలిన్ గొట్టం అమ్మాయి దగ్గర ఎలాగూ ఉంది. శనగగింజంత తీసి, చుక్క పిల్లల షాంపూతో వేడినీళ్ళలో గిలక్కొడితే నీళ్ళు పాలలా తెల్లబడతాయి. అవి గోరువెచ్చగా అయ్యాకే తొడుగును తిరగేసి ముంచి, రాత్రంతా ఉంచేవాళ్ళం. తడి ఉన్ని నుంచి గొర్రెల మంద వాసన వచ్చేది. మాది సిద్దిపేట వైపు కాబట్టి ఆ వాసన నాకు కొత్త కాదు. వానలో కురుమల గొంగడి మీద చినుకులు పూసల్లా నిలిచి జారిపోవడం చిన్నప్పటి నుంచి చూశాను. అలాగని గొంగడి ముక్క పిల్లలకు చుట్టకండి, దక్కని గొర్రెల ఉన్ని వాళ్ళ ఒంటికి గరుకు. మన ఎండాకాలంలో అయితే ఏ తొడుగూ వద్దు, పలుచని నూలు గుడ్డ చాలు.

పోయినదానికి బదులు ఒకటి నేనే కుట్టిచ్చాను. పాత బట్టల దుకాణంలో నూటికి నూరు పాళ్ళు ఉన్ని అని చీటీ ఉన్న స్వెట్టర్ కొని, ఈసారి కావాలనే వేడినీళ్ళలో తిప్పాను. ముడుచుకుపోయిన ఆ గుడ్డను కత్తిరిస్తే అంచు పోగులు ఊడలేదు. చేతుల చివరి సాగే పట్టీలు తొడలకు సరిగ్గా సరిపోయాయి. యాక్రిలిక్ కలిసినవి, మిషన్‌లో వేయవచ్చని చీటీ ఉన్నవి ఇలా బిగుసుకోవు. కుదించేది ఏదైనా కత్తెర పెట్టకముందే. కుట్టాక ఇక చన్నీళ్ళో గోరువెచ్చని నీళ్ళో తప్ప తగలనివ్వకూడదు.

దయచేసి అదే పేజీలో సవరణ వేయండి. మా పక్కింటావిడ వచ్చే నెల కూతురి పురుటికి డల్లాస్ వెళుతున్నారు. మీ వ్యాసం కత్తిరించి సూట్‌కేసులో పెట్టుకున్నారు.

— ఒక అమ్మమ్మ, సిద్దిపేట