పాలు పడటం వేరు, చేపడం వేరు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది, పాలు తీసే పంపు పెట్టుకుని అరగంట కూర్చున్నా 20 మిల్లీలీటర్లే వచ్చాయని, ఆ సీసా చేతిలో పట్టుకుని నువ్వు ఏడ్చావని. ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. ఇలాంటివి నాన్న ఫోన్‌లో మాట్లాడితే నీకు ఇబ్బందిగా ఉంటుందేమోనని రాస్తున్నాను. 31 ఏళ్ళు పశువుల డాక్టరుగా పని చేశాను, పాల సంగతి మనింట్లో నాకంటే బాగా ఎవరికీ తెలియదు, అందుకని మొహమాటం లేకుండా చదువు.

మనవాళ్ళు దీనికి రెండు మాటలు వాడతారు. పాలు పడటం, చేపడం. రెండూ ఒకటేనని చాలామంది అనుకుంటారు, కాదు. పాలు పడటమంటే లోపల పాలు తయారవడం, ఆ పని చేయించేది ప్రొలాక్టిన్ అనే హార్మోన్. కాన్పు అయి మాయ బయటికి వచ్చేశాక కడుపుతో ఉన్నన్నాళ్ళూ ఎక్కువగా ఉండే ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ ఒక్కసారిగా తగ్గిపోతుంది, దాంతో ప్రొలాక్టిన్‌కి ఉన్న అడ్డు తొలగి, మూడో రోజుకో నాలుగో రోజుకో పాలు పడతాయి. నాలుగో రోజు రొమ్ములు రాయిలా గట్టిపడ్డాయని మీ అమ్మతో అన్నావట కదా, అదే. కాబట్టి నీకు పాలు పడ్డాయి తల్లీ.

అయితే పడిన పాలు వాటంతట అవి కిందికి రావు. లోపల చిన్న చిన్న తిత్తులుంటాయి, ఒక్కో తిత్తి చుట్టూ బుట్ట అల్లినట్టు సన్నటి కండర కణాలుంటాయి, అవి బిగుసుకుని తిత్తిని పిండితేనే పాలు గొట్టాల్లోకి దిగుతాయి. వాటిని బిగించేది ఆక్సిటోసిన్ అనే ఇంకో హార్మోన్. బిడ్డ చప్పరించగానే కబురు నరాల మీదుగా మెదడుకి వెళ్తుంది, అక్కడ పిట్యూటరీ గ్రంథి వెనక భాగం నుంచి ఆక్సిటోసిన్ రక్తంలోకి దిగి, ఇంచుమించు నిమిషంలో రొమ్ముని చేరుతుంది. చేపడమంటే ఇది. పాలిచ్చేటప్పుడు పొత్తికడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వస్తోందన్నావట, అదీ దీని పనే, గర్భసంచిని ముడుచుకునేలా చేసేదీ ఈ హార్మోనే.

వినుకొండ వైపు పని చేస్తున్నప్పుడు ఒక రైతు పొద్దున్నే వచ్చాడు, గేదె ఎండిపోయింది, మందు రాయండి అని. వెళ్ళి చూస్తే పొదుగు నిండుగా ఉంది. రోజూ పాలు తీసే ఆయన భార్య పుట్టింటికి వెళ్ళి మూడు రోజులైందట, ఈయన కూర్చుంటే గేదె బిగబడుతోంది. ఆవిడ కట్టి విడిచిన చీర ఒకటి తెప్పించి ఆయన భుజాల మీద కప్పమన్నాను, దూడని వదలమన్నాను, అందర్నీ అవతలికి పొమ్మన్నాను. దూడ మూతితో నాలుగైదుసార్లు కుమ్మింది. ఏమీ లేదు. గేదె మెడ తిప్పి దూడ వీపు నాకింది. రెండు నిమిషాలు గడిచాయేమో, ముడతలు పడి ఉన్న చన్నులు నెమ్మదిగా ఉబ్బి నున్నగా అయ్యాయి, వెనక చన్ను మొన నుంచి ఎవరూ ముట్టకుండానే ఒక చుక్క రాలింది. ఆ చుక్క నాకిప్పటికీ కళ్ళ ముందే ఉంది. ఆవు పొదుగులో చేపకముందే పాలు ఐదో వంతైనా కింది అరలోకి దిగి ఉంటాయి, గేదెకి సుమారు 5 శాతమే, అందుకే చేపకపోతే గేదె దగ్గర చెంబు తడవదు. సూదితో చేపించమని అడిగేవాళ్ళు చాలామంది వచ్చేవారు. నేను వేసేవాణ్ణి కాదు, సూదికి అలవాటు పడిన గొడ్డు దూడకి కూడా చేపకుండా పోతుంది.

1941లో అమెరికాలో ఈలీ, పీటర్సన్ అని ఇద్దరు ఆవుల మీద చూశారు. పొదుగులో సగానికి నరాలు తెంపేసినా రెండు వైపులా పాలు చేపాయి, అంటే పొదుగుకి కబురు వచ్చేది రక్తంలోనే. అదే ఆవుని బెదరగొట్టినా, భయపడ్డప్పుడు ఒంట్లో ఊరే అడ్రినలిన్‌ని ఎక్కించినా పాలు ఆగిపోయాయి. 1948లో న్యూటన్ దంపతులు మనుషుల్లోనూ ఇదే చూపించారు. పాలిచ్చే తల్లి పాదాలు ఐసు నీళ్ళలో పెట్టించి, ఇంకా రకరకాలుగా చికాకు పెడితే బిడ్డకి అందే పాలు తగ్గాయి, ఆక్సిటోసిన్ ఇస్తే మళ్ళీ పెరిగాయి. పాలు లోపలే ఉన్నాయి, టెన్షన్‌లో చేపలేదు, అంతే.

నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మదీ ఇదే బాధ. ఇంటి నిండా చుట్టాలు, వచ్చిన ప్రతివాళ్ళూ పాలు పడ్డాయా, సరిపోతున్నాయా అని అడగడమే. నేను చదువుకున్నవాణ్ణి అయి ఉండి కూడా నోరు మూసుకుని వరండాలో నిలబడ్డాను, అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. మీ నాయనమ్మే అందర్నీ గదిలోంచి పంపేసి తలుపు వేసింది, వేడినీళ్ళలో తువ్వాలు ముంచి పిండి మీ అమ్మ వీపు మీద వేసింది, నిన్ను బట్టల్లేకుండా గుండెల మీద పడుకోబెట్టింది. వారం తిరగకుండా పక్కింటి పిల్లాడు ఏడ్చినా మీ అమ్మ జాకెట్టు తడిసిపోయేది. ఏడుపు చెవిన పడితే చాలు, ఆక్సిటోసిన్ దిగుతుంది.

మరి ఆ ప్లాస్టిక్ పంపుని చూస్తే నీకు ఏం చేపుతుంది చెప్పు. పంపులో వచ్చింది నీ పాలకి కొలత కాదు. డాక్టరు వాడమని చెప్పలేదు కాబట్టి కొన్నాళ్ళు దాన్ని పక్కన పెట్టు. పాప ఆకలికి ఏడ్చేదాకా ఆగకు, మూతి తిప్పుతూ వెతుకుతుంటే అప్పుడే పట్టు. రోజుకి ఆరేడుసార్లు తడుపుతోందా, బరువు పెరుగుతోందా, ఈ రెండే చూసుకో. తడపడం తగ్గినా, మరీ మగతగా ఉండి తాగకపోయినా ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరుకి చూపించండి, అప్పుడు డబ్బా పాలు అవసరమంటే పట్టండి, అందులో తప్పేమీ లేదు.

రాత్రి పాలు మాత్రం మానొద్దు, ప్రొలాక్టిన్ రాత్రిపూటే ఎక్కువ ఉంటుంది, తాగేకొద్దీ మళ్ళీ పడతాయి. వచ్చిన చుట్టాల్ని హాల్లో కూర్చోబెట్టి తలుపు వేయమని మీ అమ్మకి నేనే చెప్పాను. రెండింటికో మూడింటికో పాపని ఎత్తుకుని ఒక్కదానివే కూర్చున్నప్పుడు దిగులేస్తే ఫోన్ చెయ్యి, ఫోన్ దిండు పక్కనే పెట్టుకుంటున్నాను.

నాన్న