సీఆర్‌టీసీ అధ్యక్షులకు బహిరంగ లేఖ: మా రాక్ రేడియో మా ఊరి నుంచే మాట్లాడాలి

కెనడా ప్రసార నియంత్రణ కమిషన్ (సీఆర్‌టీసీ) గౌరవ అధ్యక్షులకు,

ఫ్రెంచి మాట్లాడే క్యూబెక్ రాష్ట్రంలోని ఒక చిన్న పట్టణం నుంచి రాస్తున్నాను. మా ఫ్రెంచి రాక్ స్టేషన్ మళ్లీ చేతులు మారుతోంది. ఉదయం కార్యక్రమం ఇక్కడి స్టూడియోలోనే ఉంటుందా అని కొనుగోలుదారులకు రాసిన ఉత్తరాలకు జవాబు లేదు. అందుకే నలుగురి ముందు మిమ్మల్ని అడుగుతున్నాను.

క్యూబెక్ నగరపు సీహెచ్‌ఓఐ రాక్ స్టేషన్ లైసెన్సును 2004లో మీ కమిషన్ పునరుద్ధరించనప్పుడు వేలాది శ్రోతలు వీధుల్లోకి వచ్చారు. అక్కడ ప్రసారమైన దురుసు మాటలను నేను సమర్థించను. కానీ ఊరికి రేడియో ఎంత ముఖ్యమో ఆ జనం చూపించారు. 2006లో ఆ స్టేషన్ ఆర్‌ఎన్‌సీ మీడియా అనే ప్రసార సంస్థ చేతికి వెళ్లింది. అదే ఆర్‌ఎన్‌సీ 2018లో పది ప్రాంతీయ స్టేషన్లను కోజెకో అనే మరో ప్రసార సంస్థకు అమ్మింది.

ఫ్రెంచి స్టేషన్లు వారంలో వేసే పాపులర్ పాటల్లో 65 శాతం ఫ్రెంచివై ఉండాలన్న మీ నిబంధన మంచిదే. అయితే ఆ జాబితాను మాంట్రియల్‌లో కూర్చుని తయారుచేసినా లెక్క సరిపోతుంది. మంచు తుఫానులో ఏ రోడ్డు మూశారో, ఏ బడికి సెలవో ఎవరు చెబుతారు? ఇక్కడి కుర్రాళ్ల బ్యాండు మొదటి పాట ఎవరు వేస్తారు? తెలుగువాడినైన నాకు ఇక్కడి ఫ్రెంచి వంటబట్టింది ఆ ఉదయపు కబుర్లతోనే. తరగతిలో నేర్చింది అంగట్లో సగమే పనికొచ్చింది.

ఈ బదిలీపై మా పట్టణంలోనే బహిరంగ విచారణ జరపండి. అనుమతి ఇస్తే, ఉదయం కార్యక్రమమూ స్థానిక వార్తలూ ఇక్కడి సిబ్బందితో ఇక్కడి నుంచే రావాలని లైసెన్సులో షరతుగా రాయండి. నోటిమాట హామీలు మాకు చాలవు.

భవదీయుడు,
ఒక శ్రోత